నీలి మంచు, నల్ల గీతలు

డిసెంబరు 21న ఐస్‌లాండ్ ఆగ్నేయ తీరంలో పదకొండు కావస్తుంటే గానీ సూర్యుడు లేవడు. మూడింటికల్లా అస్తమిస్తాడు. మధ్యనున్న నాలుగు గంటల్లోనూ తలెత్తి చూడాల్సినంత ఎత్తుకు రాడు. మిట్టమధ్యాహ్నం కూడా దిగంతానికి రెండున్నర డిగ్రీల పైన మాత్రమే ఉంటాడు. అదే రోజు హైదరాబాదులో మధ్యాహ్న సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలు. మామూలు యాత్రికులు ఇలాంటి రోజుల్లో ప్రయాణం మానుకుంటారు. హిమానీనదాలను ఫొటో తీసేవాళ్లు మాత్రం ఏడాదంతా ఈ రోజుల కోసమే ఎదురుచూస్తారు.

వాళ్లు తీసే ఫొటోల్లో ఒక రకం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అందులో కొండ ఉండదు, ఆకాశం ఉండదు, మనిషి ఉండడు. నీలం మీద ఒక నల్లటి చార, తెలుపును కోస్తూ పోయే బూడిదరంగు వంపు, మూలన ఎక్కడో ముత్యాల్లాంటి గాలి బుడగలు. గోడకు తగిలిస్తే ఎవరో కుంచె పట్టి వేసిన నైరూప్య చిత్రమనుకుంటారు. చిత్రకారుడి గీతకు మూలం అతని మనసులో ఉంటుంది. హిమానీనదం మీది గీతకు మూలం బరువులో, వేడిలో, ఒత్తిడిలో, గడిచిన కాలంలో ఉంటుంది. ఆ మూలాలు తెలిసిన కంటికి ఈ ఫొటోలు చదవడానికి వీలైన పత్రాలు. వాటిని ఎలా చదవాలో చూద్దాం.

ఇలాంటి ఫొటోలకు ప్రపంచంలో పేరుపడ్డ చోటు వాట్నాయోకుల్. ఐస్‌లాండ్ నేలలో సుమారు 8 శాతాన్ని కప్పేసిన మంచు దుప్పటి ఇది. విస్తీర్ణం దాదాపు 7,700 చదరపు కిలోమీటర్లు, సగటు మందం 400 మీటర్లు. దాని అడుగున గ్రిమ్స్‌వోత్న్, బార్దార్‌బుంగా లాంటి నిప్పుకొండలు బతికే ఉన్నాయి. దుప్పటి అంచుల నుంచి పదుల సంఖ్యలో మంచు నాలుకలు పల్లానికి జారుతుంటాయి. వాటిలో ఒకటైన బ్రేయ్దామెర్కుర్‌యోకుల్ 19వ శతాబ్దం చివర్లో సముద్రానికి అతి దగ్గరగా వచ్చి ఆగింది. తర్వాత వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది. అది ఖాళీ చేసిన గోతిలో 1930ల్లో ఒక మడుగు పుట్టింది. ఆ మడుగే ఇప్పటి యోకుల్‌సార్లోన్. లోతు 240 మీటర్లకు పైమాటే. ఐస్‌లాండ్‌లో ఇంతకంటే లోతైన సరస్సు లేదు.

నీలం ఎక్కడిది?

ఆకాశం నీలానికీ మంచుగడ్డ నీలానికీ చుట్టరికం లేదు. గాలిలోని అణువులు సూర్యకాంతిలోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి ఆకాశం నీలం. మంచుగడ్డలో జరిగేది వేరు. నీటి అణువులో హైడ్రోజన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్యనున్న బంధాలు ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. ఆ కంపనాల కారణంగా ఎరుపు కాంతిలో కొంత భాగాన్ని నీరూ మంచుగడ్డా మింగేస్తాయి. మింగుడు చాలా స్వల్పం. గ్లాసులో వేసుకున్న ఐసుముక్కలో కాంతి నడిచే దూరం రెండు మూడు సెంటీమీటర్లే కనుక అది మనకు రంగు లేనట్టే కనిపిస్తుంది. అదే కాంతి కొన్ని మీటర్ల మంచుగడ్డలో ప్రయాణిస్తే ఎరుపు చాలామటుకు ఇంకిపోతుంది, నీలం మిగులుతుంది.

ఆ నీలం ఎంత దూరం పోగలదో దక్షిణ ధ్రువం దగ్గర ఒక ప్రయోగశాల చూపించింది. 2010 డిసెంబరులో పూర్తయిన ఐస్‌క్యూబ్ అనే ఆ కేంద్రంలో 5,160 కాంతి గ్రాహకాలను దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల నుంచి రెండున్నర కిలోమీటర్ల లోతులో మంచులో పాతారు. న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలు మంచుగడ్డను ఢీకొన్నప్పుడు పుట్టే వేరే కణాలు నీలి వెలుగును చిమ్ముతాయి. ఆ లోతులో మంచుగడ్డ ఎంత నిర్మలంగా ఉంటుందంటే, ఆ వెలుగు వంద మీటర్లకు పైగా ప్రయాణించి గ్రాహకాలను చేరుతుంది. ప్రపంచంలో అతి స్వచ్ఛమైన ఘనపదార్థాల్లో ఒకటి ఎక్కడుందని అడిగితే, అంటార్కిటికా మంచు అడుగున అని చెప్పవచ్చు.

మరి మంచు తెల్లగా ఎందుకుంటుంది? గాలి వల్ల. కొత్తగా కురిసిన మంచులో పదింట తొమ్మిది వంతులు గాలే. ఘనమీటరు తూకం 50 నుంచి 100 కిలోలు మించదు. లోపలికి దిగిన కాంతి ప్రతి రేకు దగ్గరా దారి మళ్లి, రంగు పట్టేంత దూరం నడవకముందే బయటికొచ్చేస్తుంది. ఏటికేడు కొత్త మంచు మీద పడుతుంటే అడుగుది నలుగుతుంది. ఘనమీటరు తూకం 830 కిలోలకు చేరేసరికి గాలి తప్పించుకునే దారులన్నీ మూసుకుపోతాయి. మిగిలిన గాలి బుడగలుగా చిక్కుకుంటుంది. ఇంకా నలిగితే బుడగలు కుంచించుకుపోయి తూకం 917 కిలోల దగ్గర నిలుస్తుంది. ఐస్‌లాండ్ లాంటి తడి చోట ఈ పనికి కొన్నేళ్లు చాలు. అంటార్కిటికా లోతట్టున వందల ఏళ్లు, కొన్నిచోట్ల వేల ఏళ్లు పడుతుంది. కాబట్టి ఫొటోలో చిక్కటి నీలం కనిపిస్తే అక్కడ బుడగలు తక్కువని అర్థం. పాలతెలుపు కనిపిస్తే బుడగలు ఎక్కువని అర్థం. నీలం మధ్యలో నిలువునా సాగిన ముదురు నీలి పట్టీ కనిపిస్తే, ఒకప్పుడు అక్కడ పగులు ఉండి ఉంటుంది. అందులో నీరు చేరి, గాలికి చోటివ్వకుండా గడ్డకట్టి ఉంటుంది.

ఆ బుడగల విలువ మొదట కనిపెట్టిన వాళ్లలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లోడ్ లోరియస్ ఒకరు. 1965లో అంటార్కిటికా శిబిరంలో తవ్వి తీసిన మంచుముక్కలను ఒక సాయంత్రం విస్కీలో వేసుకున్నారట. అవి కరుగుతూ బుడగలు చిటపటలాడుతుంటే, బయటికొస్తున్నది ఏ కాలపు గాలో అన్న ఆలోచన ఆయనకు తట్టింది. ఆ ఆలోచన ఎంత దూరం పోయిందంటే, మంచులో చిక్కిన గాలి నుంచి 8 లక్షల ఏళ్ల కార్బన్ డయాక్సైడ్ చరిత్రను ఈ రోజు మనం చదవగలుగుతున్నాం. నైరూప్య ఛాయాచిత్రంలో చుక్కల్లా మెరిసే బుడగలు ఆ గాలి పెట్టెలే.

ఇక చలికాలం సంగతి. వేసవి ఎండ మంచుగడ్డ పైపొరలోకి కొన్ని సెంటీమీటర్లు దిగి, స్ఫటికాల మధ్యనున్న అంచులను కరిగిస్తుంది. పైభాగం గుల్లబారి, సందుల్లో గాలి చేరి, తెల్లటి పొరగా మారుతుంది. అడుగున ఎంత నీలం ఉన్నా ఆ పొర మూసేస్తుంది. చలికాలంలో ఎండకు ఆ బలం ఉండదు. పైగా వాట్నాయోకుల్ పల్లపు అంచుల మీద చలికాలంలోనూ వానలు పడతాయి, గాలి ఈడ్చి కొడుతుంది. ఆ రెండూ కలిసి పైపొరను కడిగేసి, నున్నగా చెక్కుతాయి. అప్పుడు నీలం బయటపడుతుంది. యోకుల్‌సార్లోన్ సరస్సులో తేలే మంచుగడ్డల్లో కొన్ని ఉన్నట్టుండి బోర్లాపడతాయి. అప్పటిదాకా నీటిలో ఉన్న అడుగుభాగం పైకొచ్చి ముదురు నీలంగా, ఒక్కోసారి నల్లగాజులా కనిపిస్తుంది. వేసవిలోనైతే ఆ రంగు ఎండకు త్వరగా తేలిపోతుంది. చలికాలంలో ఎక్కువ రోజులు నిలుస్తుంది. సరస్సు గడ్డకట్టిన వారాల్లో ఆ గడ్డలు కదలకుండా నిలబడతాయి కూడా. చీకట్లో నిమిషం పాటు షట్టరు తెరిచి ఉంచినా చిత్రం చెదరదు.

ఎవరు గీశారు?

నైరూప్య చిత్రంలో కంటిని లాగేది రంగు కంటే గీత. హిమానీనదం మీద గీతలు చాలా రకాలు. అన్నీ నల్లగా ఉన్నా అన్నింటి పుట్టుకా ఒకటి కాదు.

పొడుగ్గా, నది పారినట్టు వంపులు తిరుగుతూ పోయేది రాళ్ల చార. రెండు హిమానీనదాలు కలిసినచోట వాటి ఒడ్డుల మీది రాళ్లూ మట్టీ మధ్యలోకి వచ్చి ఒకే కట్టగా సాగుతాయి. దీన్ని మధ్య మొరైన్ అంటారు. స్విట్జర్లాండ్‌లో అలెచ్ హిమానీనదం ఫొటో చూసిన ఎవరికైనా అందులో జంటగా వంపు తిరిగిన నల్ల చారలు గుర్తుండిపోతాయి. బ్రేయ్దామెర్కుర్‌యోకుల్ మీద కూడా అలాంటి చారలున్నాయి. వాటిలో ఒకటి మంచు మధ్యలో తలెత్తి నిలిచిన ఎస్యుఫ్యోల్ కొండల దగ్గర మొదలై సముద్రం వైపు సాగుతుంది. చారలు లెక్కపెడితే ఎన్ని పాయలు కలిసి ఈ హిమానీనదం ఏర్పడిందో తెలుస్తుంది.

సన్నగా, పుటల అంచుల్లా ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనిపించే గీతలు చాలావరకు బూడిద. నిప్పుకొండ పేలినప్పుడు మంచు మీద పడ్డ బూడిదను మరుసటి చలికాలపు మంచు కప్పేస్తుంది. ఆ పొర హిమానీనదంతో పాటు కిందికి దిగి, నడిచి, పల్లంలో పైనున్న మంచు కరిగాక మళ్లీ వెలుగు చూస్తుంది. ఈ లోపు దశాబ్దాలు, శతాబ్దాలు గడుస్తాయి. 2011 మేలో గ్రిమ్స్‌వోత్న్ పేలి వాట్నాయోకుల్ మీద బూడిద కుమ్మరించింది. ఎగువన పడి పూడిపోయిన ఆ బూడిద అంచు దగ్గర గీతగా బయటపడేసరికి ఇప్పటి ఫొటోగ్రాఫర్లలో ఎవరూ ఉండకపోవచ్చు. బూడిదకు ఇంకో గుణం ఉంది. పలుచగా పడితే ఎండను పీల్చి మంచును వేగంగా కరిగిస్తుంది. మందంగా పడితే వేడిని అడ్డుకుని కింది మంచును కాపాడుతుంది. అందుకే చుట్టూ మంచు కరిగిపోయాక కొన్నిచోట్ల నల్లటి శంకువులు మిగులుతాయి. పైకి మట్టి దిబ్బలనిపిస్తాయి గానీ గీరి చూస్తే లోపలంతా మంచుగడ్డే.

మూడో రకం గీతలు అన్నిటికంటే విచిత్రమైనవి. 1842లో స్కాట్లాండ్ భౌతికశాస్త్రవేత్త జేమ్స్ డేవిడ్ ఫోర్బ్స్ ఆల్ప్స్‌లోని మెర్ ద గ్లాస్ మీద విల్లులా వంగిన లేత, ముదురు పట్టీలను గమనించాడు. హిమానీనదం నిటారు మెట్టు దిగేచోట మంచు ముక్కలుముక్కలుగా పగులుతుంది. వేసవిలో ఆ మెట్టు దిగిన మంచుకు మట్టి, నీరు ఎక్కువగా పట్టి ముదురు పట్టీ అవుతుంది. చలికాలంలో దిగిన మంచు పగుళ్లలో కొత్త మంచు నిండి, బుడగలతో లేత పట్టీ అవుతుంది. ఒక లేత పట్టీ, ఒక ముదురు పట్టీ కలిస్తే ఒక సంవత్సరం. పట్టీ మధ్యలో ముందుకు వంగి ఉంటుంది, ఎందుకంటే ఒడ్డున రాపిడి ఉంటుంది, నడుమ వేగం ఎక్కువ. వాట్నాయోకుల్ దక్షిణాన మోర్సార్‌యోకుల్ మీద కూడా ఈ పట్టీలు స్పష్టంగా ఉంటాయి. ఏడాదికి ఒక జత కాబట్టి రెండు జతల మధ్య దూరం కొలిస్తే హిమానీనదం ఏడాదికి ఎంత నడిచిందో తేలిపోతుంది. ఎత్తు నుంచి తీసిన మంచి ఫొటో ఒకటి ఉంటే, కొలబద్ద పట్టుకుని ఇంట్లో కూర్చునే ఆ లెక్క వేయొచ్చు.

చలికాలం ఈ గీతలకు ఒక సాయం చేస్తుంది, ఒక అపకారం చేస్తుంది. పలుచటి మంచు గాలికి ఎగిరి గుంతల్లో మాత్రమే నిలిచినప్పుడు, వేసవిలో కంటికి ఆనని మిట్టపల్లాలు కూడా తెలుపు, నలుపుగా విడిపోతాయి. రెండున్నర డిగ్రీల ఎత్తు నుంచి నేలను ఒరుసుకుంటూ వచ్చే ఎండకు అరచేయంత ఎత్తున్న గట్టు కూడా మీటర్ల పొడవు నీడ వేస్తుంది. అదే మంచు మోకాలిలోతు కురిస్తే గీతలన్నీ మాయం. హిమానీనదాల పటాలు గీసే శాస్త్రవేత్తలు అందుకే వేసవి చివరి చిత్రాల కోసం చూస్తారు. పాత మంచంతా కరిగి, కొత్త మంచు ఇంకా పడని కొద్ది వారాలే వాళ్లకు అసలైన అదను. ఫొటోగ్రాఫర్ అదను వేరు. వాన వెలిసి, గాలి ఊడ్చి, మళ్లీ మంచు పడకముందు దొరికే ఒకటి రెండు రోజులు. ఆ రోజులు ఎప్పుడొస్తాయో పంచాంగం చెప్పదు, అక్కడే ఉండి కాచుకోవాలి.

కొలత లేని లోకం

మంచుగడ్డ ఒకే సమయంలో రెండు తీరుల్లో ప్రవర్తిస్తుంది. పైనున్న 30, 40 మీటర్ల మందం పెళుసు, లాగితే పగులుతుంది. ఆ కింద బరువుకు లొంగి సాగుతుంది. 1955లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ గ్లెన్ ఈ సాగుడుకు ఒక సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం ఒత్తిడి రెట్టింపైతే సాగే వేగం రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే వాలు కాస్త పెరిగినచోట, లోయ కాస్త ఇరుకైనచోట పగుళ్లు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. మెట్టు దిగేచోట అడ్డంగా, ఒడ్డు వెంబడి ఏటవాలుగా ఎగువ వైపు తిరిగి, పల్లంలో పరుచుకునేచోట విసనకర్ర పుల్లల్లా. పగులు ఏ దిక్కున ఉందో చూస్తే మంచును ఏ బలం ఏ వైపు లాగుతోందో చెప్పవచ్చు.

చిక్కేమిటంటే ఫొటోలో పగులు ఎంతుందో తెలియదు. అరచేతిలో పట్టే చీలిక, ఇంటిని మింగే చీలిక ఒకేలా కనిపిస్తాయి. ఎండాకాలం నల్లరేగడి చేను నెర్రెలిచ్చినప్పుడు మోకాళ్ల మీద కూర్చుని దగ్గర్నుంచి ఫొటో తీస్తే, అది లోయల మధ్య ఎగిరే విమానంలోంచి తీసినట్టు అనిపించవచ్చు. పక్కన చెప్పో, పరకో ఉంటేనే కంటికి ఆధారం దొరుకుతుంది. నైరూప్య ఫొటో తీసేవాడు ఆ ఆధారాన్ని కావాలనే తీసేస్తాడు. దిగంతాన్ని చట్రంలోంచి తోసేస్తాడు, చెట్టూ మనిషీ రాకుండా చూస్తాడు. చూసేవాడికి పరిమాణం తెలియక, ఆకారం ఒక్కటే మిగులుతుంది.

ఈ దారిలో ముందు నడిచిన పెద్దలిద్దరూ కళ కోసం మాత్రమే పనిచేసినవాళ్లు కారు. ఇటలీకి చెందిన విత్తోరియో సెల్లా 1859లో పుట్టాడు. 1882 మార్చిలో మాటర్‌హార్న్ శిఖరాన్ని చలికాలంలో తొలిసారి ఎక్కిన బృందం ఆయనదే. ఆల్ప్స్‌లో 30 సెంటీమీటర్లకు 40 సెంటీమీటర్లుండే గాజు పలకలను మోసుకెళ్లి ఫొటోలు తీశాడు. 1899లో కాంచన్‌జంగా చుట్టూ, 1909లో కారకోరంలో కే2 పరిసరాల్లో ఆయన తీసిన హిమానీనదాల ఫొటోలు ఇప్పటికీ సాటిలేనివి. పర్వతారోహకులు దారులు వెతుక్కోవడానికి వాటిని వాడుకున్నారు. అమెరికా ఫొటోగ్రఫీలో శిఖరం అనదగ్గ ఆన్సెల్ ఆడమ్స్ వాటిని చూసి ముగ్ధుడయ్యాడు.

రెండోవాడు బ్రాడ్‌ఫోర్డ్ వాష్‌బర్న్. బోస్టన్ సైన్స్ మ్యూజియంను దశాబ్దాల పాటు నడిపిన మనిషి. 1930ల నుంచి అలాస్కా మీదుగా చిన్న విమానాల్లో ఎగురుతూ, తలుపు తీసేసిన చోట తాడుతో కట్టుకుని కూర్చుని, 20 కిలోలకు పైగా బరువున్న ఫెయిర్‌చైల్డ్ కెమెరాతో హిమానీనదాలను తీశాడు. ఆయనకు కావలసింది పటం. డెనాలి పర్వతానికి 1960లో, ఎవరెస్టుకు 1988లో ఆయన ఆధ్వర్యంలో వచ్చిన పటాలు ఆ రంగంలో ప్రామాణికాలు. అదే మనిషి తీసిన బర్నార్డ్ హిమానీనదం ఫొటోలో రాళ్ల చారలు పక్కపక్కనే సాగి ఒకేసారి మలుపు తిరిగే తీరును ఈ రోజు కళా ప్రదర్శనశాలల గోడల మీద నైరూప్య కళగా చూస్తున్నారు. అందం కోసం ఆయన దేన్నీ మార్చలేదు. కోణం సరిగ్గా ఎంచుకున్నాడు, వాలు వెలుతురు కోసం ఆగాడు, అంతే. ఈ తరహా ఫొటోగ్రఫీలో అంతకంటే మంచి పాఠం మరొకటి లేదు.

చేతిలో కెమెరా, వేళ్లలో చలి

కెమెరాలోని కాంతిమాపకం లోకమంతా మధ్యరకం బూడిదరంగులో, అంటే పడిన కాంతిలో 18 శాతం తిప్పికొట్టేదిగా ఉంటుందని అనుకుంటుంది. కొత్త మంచు 80 నుంచి 90 శాతం తిప్పికొడుతుంది. ఆ వెలుగుకు బెదిరి కెమెరా ఎక్స్‌పోజరు తగ్గించేస్తుంది, మంచు మురికి బూడిదరంగులో వస్తుంది. అందుకని మంచు ఎక్కువగా ఉన్న చట్రానికి ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచాలి. అలాగని నీలి మంచుగడ్డకు అదే లెక్క వర్తించదు. అది తిప్పికొట్టే కాంతి కొత్త మంచు కంటే బాగా తక్కువ. రెండూ ఒకే చట్రంలో ఉన్నప్పుడు అంచనా మీద ఆధారపడకుండా హిస్టోగ్రామ్ చూడటమే క్షేమం.

రంగు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఎండ పడని మంచు మీద పడేది ఆకాశపు కాంతి, అది నీలం. నీడలోని తెల్లమంచు ఫొటోలో నీలంగా వస్తుంది. ఆ నీలం ఆకాశానిది, మంచుగడ్డ నీలం మంచుగడ్డదే. వైట్ బ్యాలెన్స్‌ను కెమెరాకే వదిలేస్తే అది రెండింటినీ ఒక్కగాటన కట్టి అసలు రంగును కూడా కడిగేస్తుంది. మబ్బు పట్టిన రోజున ఆకాశపు నీలం జోక్యం లేకుండా మంచుగడ్డ తన రంగును తాను చూపిస్తుంది. అనుభవమున్నవాళ్లు గీతలకు ఎండ రోజును, రంగుకు మబ్బు రోజును ఎంచుకుంటారు. కంప్యూటరులో నీలాన్ని ఇంకాస్త పెంచేవాళ్లూ ఉన్నారు. ఆ పనితో ఫొటో ముదురుతుంది గానీ బుడగల గురించీ సాంద్రత గురించీ రంగు చెప్పే సాక్ష్యం పోతుంది. ఈ విషయంలో నిగ్రహమే మంచిది.

నున్నటి మంచుగడ్డ మీద ఆకాశం ప్రతిబింబించి లోపలిది కనిపించకపోతే పోలరైజర్ ఫిల్టర్ సాయపడుతుంది. మంచుగడ్డ వక్రీభవన గుణకం 1.31. ఆ లెక్కన ఉపరితలానికి నిటారు గీత నుంచి సుమారు 53 డిగ్రీల కోణంలో చూసినప్పుడు ప్రతిఫలించిన కాంతి పూర్తిగా ఒకే తలంలో కంపిస్తుంది. ఫిల్టరు తిప్పితే ఆ మెరుపు ఆరిపోయి బుడగలు, పగుళ్లు, బూడిద పొరలు లోతుతో సహా తేలతాయి. బ్యాటరీలది మరో బాధ. చలికి లిథియం అయాన్ల కదలిక మందగించి, నిండు బ్యాటరీ కూడా ఖాళీ అయినట్టు నటిస్తుంది. చొక్కా లోపలి జేబులో పెట్టి వెచ్చచేస్తే మళ్లీ పనిచేస్తుంది. వెచ్చటి గదిలోకి వెళ్లేముందు కెమెరాను గాలి చొరని సంచిలో మూసెయ్యాలి, లేకపోతే లెన్సు లోపల కూడా చెమ్మ పడుతుంది.

అందరూ కోరుకునే చోటు మంచు గుహ. వేసవిలో కరిగిన నీరు హిమానీనదం లోపలా అడుగునా సొరంగాలు తొలుస్తుంది. చలికాలంలో నీరు ఆగిపోయి సొరంగం ఖాళీ అవుతుంది. పైకప్పు పలుచగా ఉన్నచోట పగటి వెలుతురు మంచుగడ్డ గుండా దిగి లోపలంతా నీలమవుతుంది. నీరు, గాలి సుడులు తిరుగుతూ చెక్కిన చిన్నచిన్న గుంతలు పైకప్పంతా వరుసగా ఉంటాయి, ప్రతి గుంతా ఒక లేత నీలపు మెరుపును పట్టుకుంటుంది. నిరుటి గుహ ఈ ఏడు ఉండదు. పై బరువుకు కుంగుతుంది, వేసవి నీటికి కూలుతుంది. చలికాలం దాటాక అక్కడికి వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. 2024 ఆగస్టు 25న బ్రేయ్దామెర్కుర్‌యోకుల్‌లో పర్యాటకులు ఉండగానే మంచు కూలి ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు. చలికాలంలోనైనా స్థానిక గైడ్ లేకుండా, బూట్లకు ఇనుప ముళ్లు లేకుండా హిమానీనదం మీద కాలు పెట్టకూడదు. పగులు మీద పేరుకున్న కొత్త మంచు గట్టి నేలలాగే కనిపిస్తుంది, మనిషి బరువు మాత్రం మోయదు.

మన మంచు

తెలుగువాళ్ల ఇళ్లలో ఉండే హిమాలయాల ఫొటోలు దాదాపు అన్నీ యాత్రా కాలంలో తీసినవే. దీపావళి ప్రాంతంలో గంగోత్రి గుడి మూసేసి అమ్మవారి ఉత్సవమూర్తిని కిందనున్న ముఖ్బా గ్రామానికి తీసుకెళ్తారు. ఆ తర్వాత ఆరునెలల పాటు గంగోత్రి హిమానీనదం ముగిసే గోముఖం దగ్గర మంచు ఎలా ఉంటుందో చూసే సామాన్యులు లేరు. ఐస్‌లాండ్‌లో హిమానీనదం రోడ్డు పక్కకే వస్తుంది. ఇక్కడ అది నాలుగు వేల మీటర్ల ఎత్తున ఉంటుంది. చలికాలంలో అంత ఎత్తుకు పోవడం శిక్షణ పొందినవాళ్ల పని.

కానీ ఆకాశం నుంచి చూసే కన్ను ఒకటి మన దగ్గరే ఉంది. భారత దూరగ్రాహక ఉపగ్రహాలు పంపే చిత్రాలు షాద్‌నగర్‌లోని కేంద్రానికి చేరతాయి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాటి ఆధారంగా సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లో పావు హెక్టారుకు మించిన హిమ సరస్సులు 28,043 ఉన్నాయని లెక్కగట్టింది. 2023 అక్టోబరు మొదటివారంలో సిక్కింలోని దక్షిణ లోనక్ సరస్సు గట్టు తెగినప్పుడు, ముందూ వెనుకా తీసిన చిత్రాలు పక్కపక్కన పెట్టి ఆ కేంద్రం విడుదల చేసింది. నలుపు, బూడిద రంగుల మరకల్లా ఉన్న ఆ చిత్రాలు చూడటానికి నైరూప్యాలే. వాటి అర్థం మాత్రం, వంద హెక్టార్లకు పైగా సరస్సు ఖాళీ అయి తీస్తా లోయ మీద పడిందని. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం ఇంకో అడుగు ముందుకేసింది. దాని రాడార్‌కు చీకటి, మబ్బు అడ్డు కావు. మనిషి చేరలేని చలికాలపు హిమానీనదం కూడా పన్నెండు రోజులకోసారి ఎంత జరిగిందో అది కొలవగలదు.

కరుగుతున్న మంచు విషయంలో పాత ఫొటోలే సాక్షులు. ఎవరెస్టు ఉత్తరాన రోంగ్‌బుక్ హిమానీనదాన్ని 1921లో జార్జ్ మాలరీ ఫొటో తీశాడు. 2007లో డేవిడ్ బ్రేషియర్స్ అదే చోట నిలబడి మళ్లీ తీశాడు. రెండూ పక్కన పెడితే మధ్యలో పోయిన మంచు మందం పదుల మీటర్లలో కనిపిస్తుంది. ఐస్‌లాండ్ మూలాలున్న కళాకారుడు ఒలాఫుర్ ఎలియాసన్ 1999లో విమానం నుంచి ఆ దేశపు హిమానీనదాలను తీసి ఒక కళాకృతిగా పేర్చాడు. 2019లో మళ్లీ వెళ్లి వాటినే తీసి పాత ఫొటోల పక్కన పెట్టాడు. మొదటిసారి అందం కోసం చూసినవాళ్లు రెండోసారి తేడా కోసం చూశారు. చోటూ సంవత్సరమూ నమోదై ఉండటం వల్లే ఇది కుదిరింది.

నైరూప్య ఫొటో తీసేవాళ్లు సాధారణంగా పేరుకు బదులు ఒక అంకె వేసి ఊరుకుంటారు. చూసేవాడి ఊహకు అడ్డం రాకూడదని వాళ్ల ఉద్దేశం. ఆ కోరికను కాదనక్కర్లేదు, గోడ మీద ఏమీ రాయకపోయినా ఫరవాలేదు. కానీ ఫైలులో మాత్రం హిమానీనదం పేరు, తేదీ, నిలబడిన చోటి అక్షాంశ రేఖాంశాలు, కెమెరా చూసిన దిక్కు తప్పక రాయండి. చట్రంలోంచి దిగంతాన్ని తీసేసిన ప్రతిచోటా, కొండలతో సహా వెడల్పుగా ఇంకో ఫొటో కూడా తీసి దాచండి. ఇరవై ఏళ్ల తర్వాత అక్కడికి వెళ్లే వ్యక్తికి మీరు నిలబడిన చోటు దొరకాలంటే ఈ వివరాలు కావాలి.